చిన్న పెరట్లో తొలి కూరగాయల మడి ఎలా వేసుకోవాలి

పెరట్లో కూరగాయలు వేద్దామని అనుకోగానే చాలామంది చేసే మొదటి పని విత్తనాల ప్యాకెట్లు కొనడం. పది రకాలు కొంటారు, ఉన్న జాగా అంతా తవ్వేస్తారు, నెల రోజులు ఉత్సాహంగా నీళ్లు పోస్తారు. ఆ తర్వాత కలుపు మొక్కలను మించిపోతుంది, పురుగు పడుతుంది, "మా మట్టి మంచిది కాదులే" అని వదిలేస్తారు. పాపం, మట్టి ఏం చేసింది? రోజుకు 20 నిమిషాలు ఇవ్వగలిగిన మనిషి రెండు గంటల పని పెట్టే తోట వేసుకున్నాడు, అంతే.

అందుకని మొదటి సీజన్‌కు ఒక్క మడి చాలు. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. వెడల్పు 4 అడుగులు మించకూడదు, ఎందుకంటే రెండు వైపుల నుంచీ చెయ్యి చాపితే మధ్య దాకా అందాలి. మడిలో కాలు పెట్టామంటే తవ్వి గుల్ల చేసిన మట్టి మళ్లీ అణిగిపోతుంది. గోడ పక్కన, ఒకవైపు నుంచే పని చేయాల్సి వస్తే వెడల్పు 2 అడుగులకు తగ్గించుకోండి. 8 అడుగుల జాగా లేకపోతే 4 అడుగులతో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు, కింద చెప్పిన లెక్కలన్నీ సగం చేసుకోండి.

ముందు ఎండ లెక్క తేల్చుకోండి

పెరడు ఎంత ఉంది అన్నదానికన్నా ఎండ ఎంతసేపు పడుతోంది అన్నది ముఖ్యం. సెలవు రోజు చూసుకుని పొద్దున 8 గంటల నుంచి సాయంత్రం 4 దాకా, రెండేసి గంటలకు ఒకసారి ఒకే చోట నిలబడి ఫోన్‌లో ఫొటో తీయండి. అయిదు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ మూల ఎంతసేపు ఎండలో ఉందో తెలిసిపోతుంది.

టమాటా, వంగ, మిరప, బెండ, దోస లాంటి కాయ కాసే మొక్కలకు 6 నుంచి 8 గంటల నేరు ఎండ కావాలి. ఆకుకూరలు 3, 4 గంటలతో సర్దుకుంటాయి. ముల్లంగి, క్యారెట్ మధ్యరకం. "మా పెరట్లో వెలుతురు బాగానే ఉంటుంది" అంటారు కొందరు. వెలుతురు వేరు, ఎండ వేరు. వెలుతురులో టమాటా మొక్క పొడుగ్గా సాగుతుంది, ఆకులు పచ్చగానే కనిపిస్తాయి, పూత మాత్రం రాదు. మీ జాగాలో ఎండ 4 గంటలకు మించకపోతే టమాటా మీద ఆశ వదిలేసి మడి మొత్తం ఆకుకూరలకు ఇచ్చేయండి. అది సర్దుబాటేమీ కాదు, ఖాళీ జాగాలో తొందరగా చేతికొచ్చే పంట అదే. ఇంకో సంగతి: సూర్యుడి దారి ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఇవాళ ఎండలో ఉన్న మూల నాలుగు నెలల తర్వాత గోడ నీడలోకి వెళ్లవచ్చు.

ఎండ కుదిరాక ఇంకో మూడు చూసుకోండి. పెద్ద చెట్టు దగ్గర మడి వద్దు. దాని వేర్లు కొమ్మల అంచు దాటి కూడా పాకి, మీరు పోసే నీళ్లూ వేసే ఎరువూ అవే లాగేసుకుంటాయి. పాత ఇల్లయితే గోడ మొదట్లో కూరగాయలు వేయకండి. పాత రంగుల్లో సీసం ఉండేది, పెచ్చులు రాలి ఆ మట్టిలో కలిసి ఉండవచ్చు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం కూడా అక్కడే పూడ్చి ఉంటారు. ఇక మూడోది నీళ్ల పైపు. మడి దాకా పైపు అందాలి. బకెట్లు మోయాల్సిన తోట వానలు ఆగాక ఎక్కువ రోజులు నిలబడదు.

మట్టి

ఇక్కడ తొందరపడకండి. నా లెక్కలో మొత్తం పనిలో సగం ఇదే.

కొంచెం తడిగా ఉన్న మట్టి గుప్పెడు తీసుకుని పిసికి ఉండ చేయండి. ఉండ కట్టకుండా జారిపోతే ఇసుక నేల. ఉండ కట్టి, బొటనవేలితో నొక్కగానే పొడిపొడిగా విరిగిపోతే మీ అదృష్టం. విరగకుండా సాగి, రిబ్బన్‌లాగా పొడుగ్గా వస్తే బంకమట్టి. ఇంకా స్పష్టంగా తెలియాలంటే గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా గిలక్కొట్టి పక్కన పెట్టండి. ఇసుక నిమిషం రెండు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది, దాని మీద ఒండ్రు కొన్ని గంటల్లో పేరుకుంటుంది, బంకమట్టి దిగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మూడు పొరలూ కంటికి కనిపిస్తాయి.

నీరు ఇంకుతోందా లేదా అన్నది కూడా చూడాలి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, స్కేలు పెట్టి గంటకు ఎంత దిగుతోందో చూడండి. గంటకు 1 నుంచి 2 అంగుళాలు దిగితే సరిపోతుంది. రోజంతా నీళ్లు అలాగే నిలిచి ఉంటే ఆ చోట వేర్లు కుళ్లిపోతాయి. అప్పుడు వేరే చోటు వెతకండి, లేదా ఇటుకలతోనో చెక్కలతోనో 10, 12 అంగుళాల ఎత్తున మడి కట్టి పైనుంచి మంచి మట్టి పోయండి.

బంకమట్టి చూడగానే ఇసుక కలపాలనిపిస్తుంది. కలపకండి. కొద్దిపాటి ఇసుకతో బంకమట్టి గుల్లబారకపోగా ఎండినప్పుడు గట్టి పెళ్లలా తయారవుతుంది. బంకమట్టికైనా ఇసుక నేలకైనా మందు ఒక్కటే, బాగా మాగిన కంపోస్టు. ఇసుకలో అది తడిని పట్టి ఉంచుతుంది, బంకలో గాలి ఆడనిస్తుంది.

తవ్వే రోజు మట్టి తడి చూసుకోండి. పారకు అంటుకునేంత తడిగా ఉంటే ఆగండి. అప్పుడు తవ్వితే గడ్డలు కట్టి ఇటుకల్లా ఎండిపోతాయి. మొత్తం 8 నుంచి 10 అంగుళాల లోతు తవ్వి, గడ్డలు పగలగొట్టి, రాళ్లు, వేర్లు ఏరేయండి. తుంగ, గరిక ఉన్న చోట ఈ ఏరడం ఓపిగ్గా చేయాలి. గరిక కణుపు ముక్క ఒకటి మిగిలినా మళ్లీ మొలుస్తుంది. తుంగ పైన పీకితే ఊడి వస్తుంది కానీ, కింద నల్లగా ఉన్న గడ్డ అలాగే ఉండిపోతుంది. ఆ గడ్డలు తవ్వి తీయాల్సిందే, తీసినవి కంపోస్టు కుప్పలో కూడా వేయకూడదు.

ఆ తర్వాత 2 అంగుళాల మందాన కంపోస్టు పరిచి, పైన 6 అంగుళాల మట్టిలో కలిపేయండి. 4 అడుగులకు 8 అడుగుల మడికి 2 అంగుళాల పొర అంటే దాదాపు 150 లీటర్లు, అంటే 15 లీటర్ల బకెట్లు పది. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది గానీ మొదటిసారి ఇందులో పిసినారితనం చేయకండి. పశువుల ఎరువు వేసేటట్టయితే పాతదే వేయాలి. పచ్చి ఎరువు వేర్లను మాడుస్తుంది, పైగా అందులోని సూక్ష్మజీవులు పచ్చిగా తినే కూరల మీదికి చేరతాయి. కనీసం నాలుగు నెలలు మాగి, వాసన పోయి, చేత్తో నలిపితే పొడి అయ్యేలా ఉండాలి.

మడి తయారయ్యాక ఒకసారి తడిపి వారం పది రోజులు వదిలేయండి. పైన ఉన్న కలుపు విత్తనాలన్నీ మొలుస్తాయి. అవి చిన్నగా ఉండగానే పైపైన గీకేస్తే ముందు ముందు కలుపు పని సగం తగ్గుతుంది. విత్తనాలు చేతిలో పట్టుకుని ఈ పది రోజులు ఆగడం కష్టమే, కానీ ఆగండి.

పనిముట్ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఒక పార, చేతిలో ఇమిడే బొరిగె, సన్నటి చిల్లుల మూతి ఉన్న రోజ్‌క్యాన్, ఒక కత్తెర. మిగతావి అవసరం పడినప్పుడు.

ఏం వేయాలి, ఎంత వేయాలి

ఇంట్లో వాళ్లు తినేవి వేయండి. ఎవరూ తినని కూర ఎంత బాగా కాసినా రెండోసారి వేయబుద్ధి కాదు. ఆ తర్వాత కాలం చూడండి. బెండ, వంగ, మిరప, దోస, తోటకూర వేడిని ఇష్టపడతాయి. క్యాబేజీ, క్యారెట్, బఠాణీ, పాలకూర చల్లదనాన్ని ఇష్టపడతాయి. టమాటా మధ్యలో ఉంటుంది: మంచుకు చచ్చిపోతుంది, పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాల్చేస్తుంది. కాలం కానప్పుడు వేసిన మొక్కను ఎంత ముద్దుగా చూసుకున్నా ఫలితం ఉండదు.

8 అడుగుల మడిని అడ్డంగా 2 అడుగుల చొప్పున నాలుగు భాగాలు చేసుకోండి. ఒక చివర కర్రలు, తాడు లేదా వల కట్టి తీగ మొక్కలు: దోస అయితే నాలుగు పాదులు, తీగ చిక్కుడు అయితే అరడుగుకు ఒకటి. తీగ నీడ మిగతా మడి మీద పడకుండా, బయటికి పడే చివర చూసుకోవాలి. దాని పక్కన 2 అడుగుల ఎడంతో రెండు మొక్కలు, రెండూ టమాటా గానీ, ఒకటి టమాటా ఒకటి వంగ గానీ. మూడో భాగంలో అడుగుకు ఒకటి చొప్పున రెండు వరుసల్లో ఎనిమిది బెండ మొక్కలు. నాలుగో భాగం ఆకుకూర, ముల్లంగి.

రెండే టమాటా మొక్కలా అనిపిస్తుంది. నారు వేళ్లంత ఉన్నప్పుడు 2 అడుగుల ఎడం నిజంగానే వింతగా, ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ చూసి మధ్యలో ఇంకోటి గుచ్చుతారు. రెండు నెలలకు మూడూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, గాలి ఆడక ఆకుమచ్చ వస్తుంది. అంతగా ఖాళీ చూడలేకపోతే ఆ మధ్యలో ముల్లంగి చల్లండి. టమాటా పెద్దదయ్యే లోపే ముల్లంగి పీకేస్తారు.

ఆకుకూర, ముల్లంగి భాగం మొత్తం ఒకేసారి చల్లకండి. సగం ఇవాళ, సగం రెండు వారాల తర్వాత. లేదంటే ఒకే వారంలో అంతా చేతికొచ్చి, ఆ తర్వాత నెల రోజులు ఏమీ ఉండదు.

విత్తడం, నారు నాటడం

బెండ, చిక్కుడు, దోస, ముల్లంగి, ఆకుకూరలు నేరుగా మడిలోనే విత్తాలి. వీటి వేర్లు కదిపితే ఒప్పుకోవు. టమాటా, వంగ, మిరప నారు పోసి నాటేవి. మొదటిసారి కాబట్టి వీటికి నారు కొనుక్కోవడమే నయం.

విత్తనం లోతు సులువు: విత్తనం మందానికి రెండు మూడు రెట్లు. చిక్కుడు గింజ అంగుళం లోతున, బెండ అర అంగుళం. తోటకూర గింజ ఆవగింజలో సగం కూడా ఉండదు, దాన్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన పొడి మట్టి పలచగా రాలిస్తే చాలు. బెండ గింజలు రాత్రి నానబెడితే తొందరగా మొలుస్తాయి. మొలకలు వచ్చేదాకా పైమట్టి ఎండకూడదు, రోజ్‌క్యాన్‌తో రోజూ పలచగా తడపండి. పైపు ధార నేరుగా పెడితే గింజలన్నీ కొట్టుకుపోయి ఒక మూల మొలుస్తాయి.

మొలిచాక ఒత్తుగా ఉన్నవి తీసేయాలి. ముల్లంగి రెండంగుళాలకు ఒకటి మిగలాలి. పచ్చగా మొలిచినవాటిని పీకడానికి మనసొప్పదు కానీ, ఒత్తుగా వదిలిన ముల్లంగి ఆకులే ఇస్తుంది, గడ్డ ఊరదు. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది, కత్తెరతో మొదట్లో కత్తిరించండి. తోటకూర అయితే తీసినవి కూరలోకే.

నారు కొనేటప్పుడు పొడుగ్గా ఉన్నది చూసి మురిసిపోకండి. పొట్టిగా, కాండం లావుగా, ఆకు ముదురు పచ్చగా, పూత ఇంకా రానిది ఎంచుకోండి. కుండీ అడుగున చిల్లుల్లోంచి వేర్లు గుత్తులుగా బయటికొస్తే అది ముదిరిన నారు. నీడలో పెరిగినదైతే తెచ్చిన రోజే నాటకుండా అయిదారు రోజులు ఎండ అలవాటు చేయండి, మొదటి రోజు గంట, తర్వాత రోజురోజుకూ పెంచుతూ.

నాటడం సాయంత్రం పెట్టుకోండి. నాటడానికి గంట ముందు నారుకు నీళ్లు పోయండి. గుంట తీసి, అందులో గుప్పెడు కంపోస్టు కలిపి, నీళ్లు పోసి ఇంకనివ్వండి. కుండీని బోర్లించి, కాండాన్ని రెండు వేళ్ల మధ్య ఉంచి, అడుగున తట్టి మట్టిగడ్డతో సహా దించండి. కాండం పట్టుకుని లాగొద్దు. వంగ, మిరప కుండీలో ఎంత లోతున ఉన్నాయో అంతే లోతున నాటాలి. టమాటా సంగతి వేరు: కింది ఆకులు తుంచేసి, కాండాన్ని సగం దాకా మట్టిలో పాతేయండి. టమాటా కాండం మీద నూగు మధ్యలో చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి చూడండి, మట్టి తగిలితే వాటిలోంచి వేర్లు వస్తాయి. చుట్టూ మట్టి మెల్లగా నొక్కి, మళ్లీ నీళ్లు పోసి, ఊతకర్ర అప్పుడే పాతేయండి. తర్వాత పాతితే వేర్లలోంచి దిగుతుంది. మర్నాడు మొక్క వాడినట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి, రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది.

నీళ్లు

కొత్తవాళ్ల చేతిలో మొక్కలు ఎండి చచ్చేవాటికంటే నీళ్లు ఎక్కువై చచ్చేవే ఎక్కువ. వేర్లకూ గాలి కావాలి, ఎప్పుడూ తడిసి ముద్దగా ఉన్న మట్టిలో గాలి ఉండదు.

చదరపు మీటరుకు వారానికి 25 లీటర్లు అన్నది మామూలు లెక్క. మన మడి దాదాపు 3 చదరపు మీటర్లు కాబట్టి వారానికి 75 లీటర్లు, అంటే అయిదు బకెట్లు. ఎండలు మండే రోజుల్లో దీనికి రెట్టింపు పట్టవచ్చు, వాన పడితే ఆ మేరకు తగ్గించాలి. అసలు లెక్క మాత్రం వేలు చెబుతుంది. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో దింపండి. లోపల తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు, పైన ఎంత పొడిగా కనిపించినా సరే.

రోజూ కొంచెం కొంచెం చిలకరించకుండా, వారానికి రెండు మూడు సార్లు లోతుగా తడిసేలా పోయండి. పైపైన తడిపితే వేర్లు పైనే ఉండిపోయి, ఒక్కరోజు మర్చిపోయినా మొక్క వాడిపోతుంది. పొద్దున్నే, ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి. మధ్యాహ్నం దోస ఆకులు వేలాడటం చూసి పైపు పట్టుకుని పరిగెత్తకండి. పెద్ద ఆకుల మొక్కలు మిట్టమధ్యాహ్నం అలా వాలిపోయి సాయంత్రానికి లేచి నిలబడతాయి. పొద్దున్నే కూడా వాలి ఉంటేనే అది దాహం.

మొక్కలు జానెడు ఎత్తు వచ్చాక ఎండుటాకులో గడ్డో 2, 3 అంగుళాల మందాన పరచండి, కాండం చుట్టూ రెండంగుళాలు వదిలి. నీళ్ల అవసరం తగ్గుతుంది, కలుపు తగ్గుతుంది. నాకు తెలిసి ఖర్చు లేకుండా ఇంత పని తగ్గించే ఉపాయం ఇంకోటి లేదు.

రోజూ ఒక చుట్టు

ఆ 20 నిమిషాల్లో ఎక్కువ భాగం చూడటానికే. ఆకు తిప్పి అడుగున చూడండి, పురుగులు గుడ్లు పెట్టేది అక్కడే. లేత చివర్ల దగ్గర పచ్చగానో నల్లగానో గుంపుగా అంటుకుని ఉంటే అది పేనుబంక. పక్కన చీమలు తిరుగుతుంటే అనుమానమే అక్కర్లేదు, దాని తీపి స్రావం కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి. నీళ్ల ధార కొంచెం గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది. దగ్గర్లో ఎర్రటి అక్షింతల పురుగులు ఉంటే ఏ మందూ కొట్టకండి. వాటి పిల్లలు ముళ్లు ముళ్లుగా, మొసలి పిల్లల్లా భయంకరంగా ఉంటాయి, అవి కూడా పేనుబంకను తినేవే. తెలియక చంపేస్తారు.

గొంగళి పురుగుల్ని చేత్తో ఏరేయండి, ఒక్క మడికి అది పెద్ద పనేం కాదు. వంగలో లేత కొమ్మ చివర ఒక్కసారిగా తల వాల్చేస్తే లోపల తొలుచు పురుగు ఉన్నట్టు. వాడిన చోటికి రెండంగుళాల కిందికి కత్తిరించి, ఆ ముక్కను నలిపి పారేయాలి. బెండ ఆకుల ఈనెలు పసుపు వలలా కనిపిస్తే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, మందు లేదు, ఆ మొక్క పీకేయడమే. వీటికి లొంగని చోట లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి, తేనెటీగలు వెళ్లిపోయిన తర్వాత సాయంత్రం పూట చల్లండి. ఎండలో చల్లితే ఆకులు మాడతాయి.

ఆకులు పసుపుబారడం రెండు రకాలు. ముదురాకులు కింది నుంచి పసుపెక్కుతూ వస్తే నత్రజని చాలడం లేదు, మొదట్లో రెండు గుప్పెళ్ల కంపోస్టు వేసి మట్టి ఎగదోయండి. లేతాకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, చాలాసార్లు దానికి కారణం నీరు నిలవడమో మట్టిలో సున్నం ఎక్కువ కావడమో. ఇక మొక్క ఏపుగా, నల్లటి పచ్చదనంతో ఉండి పూత రాకపోతే ఎరువు ఎక్కువైందన్నమాట.

పూత, కాయ, కోత

దోసకు మొదట వచ్చే పూలు రాలిపోవడం చూసి కంగారు పడతారు. అవి మగ పూలు, రాలేవే. పువ్వు వెనకాల సన్నటి కాడ ఒక్కటే ఉంటే మగది, చిటికెన వేలంత పిందె ఉంటే ఆడది. ఆడ పూలు వచ్చాక కూడా పిందెలు పసుపై రాలుతుంటే తేనెటీగలు రావడం లేదన్నమాట. పొద్దున్నే ఒక మగ పువ్వు కోసి, రేకులు తుంచి, మధ్యలో పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయండి. టమాటా, వంగ పూలు తమలో తామే ఫలదీకరణ చెందుతాయి, వాటికి గాలి తగిలినా చాలు, పూత ఉన్న కొమ్మను వేలితో తట్టండి.

టమాటా కాయ అడుగున నల్లగా, అణిగినట్టు మచ్చ వస్తే అది తెగులు కాదు. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచెత్తినప్పుడు కాయకు కాల్షియం అందక వస్తుంది. మందు కొనకండి, నీళ్లు క్రమంగా పోయండి.

ముల్లంగి రకాన్ని బట్టి 30 నుంచి 50 రోజుల్లో, తోటకూర 25, 30 రోజుల్లో వస్తుంది. తోటకూరను పీకకుండా రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. బెండ విత్తిన 45 రోజులకు అటూఇటుగా పూస్తుంది, పువ్వు రాలిన అయిదారు రోజులకే కాయ కోతకొస్తుంది. రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఆకు చాటున ఒక కాయ ముదిరిపోతే మొక్క తన పని అయిపోయిందనుకుని కాపు తగ్గించేస్తుంది. ముదిరినదైనా కోసి పారేయండి, మొక్క మీద ఉంచకండి. టమాటా నాటిన రెండు నుంచి మూడు నెలలకు పండుతుంది. పక్షులు, ఉడతలు ఉన్న చోట దోరగా రంగు తిరిగినప్పుడే కోసి ఇంట్లో మగ్గబెట్టుకోవచ్చు, రుచి పెద్దగా తగ్గదు.

కాపు అయిపోయిన మొక్కల్ని, తెగులు లేనివైతే, పీకకుండా మొదట్లో కత్తిరించి వేర్లు మట్టిలోనే వదిలేయండి. చిక్కుడు వేర్లయితే మరీ మంచిది, వాటి బుడిపెల్లో ఉన్న నత్రజని తర్వాతి పంటకు అందుతుంది. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప అన్నీ ఒకే కుటుంబం కాబట్టి ఆ 2 అడుగుల భాగంలో వెంటనే మళ్లీ వాటిలో ఏదీ పెట్టకండి. అంగుళం కంపోస్టు పరిచి అక్కడ చిక్కుడు వేసి, చిక్కుడు ఉన్న చోటికి టమాటాను మార్చండి. ఏ భాగంలో ఏది ఎప్పుడు వేశారో ఫోన్‌లో రాసి పెట్టుకోండి, వచ్చే సీజన్‌కు గుర్తుండదు.